దేహములోని నిప్పు, దేహమునకు కావలి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఒక బొగ్గుపెళ్లకు ఎన్ని ఉపయోగములున్నవో ఈ ప్రాంతమువారికి మరియొకరు చెప్పనక్కరలేదు. బాయిలోనుండి పైకి వచ్చిన బొగ్గు రామగుండము విద్యుత్కేంద్రమునకు పోయి మండును. ఆ మంట నీటిని ఆవిరి గావించును, ఆవిరి చక్రమును త్రిప్పును, ఊరూర దీపము వెలుగును. అక్కడ బొగ్గు పని మండుటయే. చివరకు మిగులునది బూడిద. కాని ఇదే రామగుండమున 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారమును జ్ఞాపకము చేసికొనుడు. అందు బొగ్గును ఊరక కాల్చివేయలేదు. దానిని వాయువుగా మార్చి, ఆ వాయువునుండి అమ్మోనియాను, అమ్మోనియానుండి యూరియాను చేసెడివారు. (2021లో పని మొదలిడిన క్రొత్త కర్మాగారము సహజవాయువుతో నడచుచున్నది, అది వేరు సంగతి.) బొగ్గు ఒకటే. ఒకచోట ఇంధనము, ఒకచోట ముడిసరుకు. ఏది కావలెనో నిర్ణయించునది బొగ్గు కాదు, దానిని పుచ్చుకొన్న యంత్రము.

మనుష్యదేహమునకు కావలి కాయు కణములు కూడ ప్రతిదినము ఇట్టి నిర్ణయమునే చేయుచున్నవి. తిన్న అన్నమునుండి వచ్చిన చక్కెరను ఇంధనముగా వాడుకొనునా, ముడిసరుకుగా వాడుకొనునా అనుదానినిబట్టి, ఆ కణము శత్రువుపై పడు సైనికుడగునో, సైనికులను ఆపు పెద్దమనిషి యగునో చాలవరకు తేలుచున్నది. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు స్పష్టముగా తెలిసివచ్చినది ఇటీవలి రెండు మూడు దశాబ్దులలోనే. కాని దీనికి పునాదిరాళ్లు వేసినవారిలో ఒకరు భీమవరమున పుట్టిన తెలుగువారు. ఆయన కథకు పూర్వము కావలికణముల సంగతి కొంత తెలిసికొనవలెను.

రక్తములో తెల్లకణములున్నవని బడిపిల్లలకును తెలియును. ఇవి ఎముకల మూలుగలో పుట్టును. వానిలో టి-కణములనునవి అక్కడనుండి రొమ్మెముక వెనుకనున్న థైమస్ గ్రంథికి పోయి శిక్షణ పొందును. ఆ శిక్షణలో ముఖ్యమైన పాఠ మొకటే: తనవారెవరు, పరులెవరు? తన దేహమునే శత్రువుగా చూచు కణమును ఆ గ్రంథి చాలవరకు అక్కడనే నశింపజేయును. అయినను కొన్ని తప్పించుకొని బయటపడును. అవి కీళ్లమీద పడినచో కీళ్లవాతము. క్లోమములో ఇన్సులిన్ చేయు కణములమీద పడినచో చిన్నపిల్లలకు సైతము వచ్చు ఒక విధమైన మధుమేహము. కావున దేహమునకు పోరాడు శక్తి యొక్కటియే చాలదు, పోరాడకుండు శక్తియు కావలెను. ఈ రెండవ శక్తినే శాస్త్రజ్ఞులు సహనము అందురు.

తల్లిగర్భములోనున్న ఎలుకపిల్లకు వేరు జాతి ఎలుక కణములను ఎక్కించినచో, అది పెరిగి పెద్దదైన పిమ్మట ఆ రెండవ జాతి ఎలుక చర్మమును తన చర్మముగనే స్వీకరించునని మెడవార్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1953లో చూపిరి. సహనము నేర్పదగినదని అట్లు తేలెను. ఆస్ట్రేలియా దేశీయుడైన బర్నెట్‌తో కలిపి ఆయనకు 1960లో నోబెల్ బహుమాన మిచ్చిరి. తరువాత 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి, టి-కణములలోనే కొన్ని తక్కిన వానిని అదుపులో నుంచునని కనుగొనెను. గ్రామములో తగవు ముదరకుండ చూచు పెద్దమనుషులవంటి వివి. వీనిని నియామక టి-కణములందురు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు ఒక రోగిష్ఠి ఎలుకజాతిని పరిశోధించి, ఆ జాతిలో చెడిపోయిన ఫాక్స్-పి-3 అను జన్యువును 2001లో పట్టుకొనిరి. నియామక కణములు తయారగుటకు ఆ జన్యువే మూలమని పిదప రూఢియైనది. ఈ ముగ్గురకును కలిపి 2025లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక నిప్పు సంగతి. అన్నమును నోట నమలగా నమలగా తీయనగుట అందరకును అనుభవమే. అది లాలాజలములోని ఎంజైము చేయు పని. ఎంజైమనగా ఒక పదార్థమును మరియొక పదార్థముగా త్వరగా మార్చి, తాను మాత్రము మారక మరల పనికి సిద్ధముగా నుండు మాంసకృత్తు. ప్రతి కణములోను ఇట్టివి వేలకొలది కలవు. చక్కెరను విరుచుటకు కొన్ని, క్రొవ్వును కట్టుటకు కొన్ని, జన్యుపదార్థమును పేర్చుటకు కొన్ని. పూర్వులు జఠరాగ్ని యన్నది ఒక్క కడుపులోనే కాదు, ప్రతి కణములోను మండుచున్నదని చెప్పుకొనవచ్చును. ఆ మంటలో పుట్టిన శక్తి ఎ.టి.పి. యను అణువు రూపమున చెలామణి యగును. కండ ముడుచుకొనవలెనన్నను, నరము కదలవలెనన్నను ఈ నాణెమే చెల్లింపవలెను.

ఒక గ్లూకోజు అణువును పైపైన విరిచినచో నికరముగా దక్కునవి 2 ఎ.టి.పి. అణువులే. ప్రాణవాయువుతో పూర్తిగా కాల్చినచో సుమారు 30 దక్కును. ఊరకున్న టి-కణము రెండవ పద్ధతినే అనుసరించి, కొద్దిపాటి చక్కెరతో పొదుపుగా కాలము గడపును. శత్రువు కనబడినప్పుడు ఆ కణము ఒక్కసారిగా మొదటి పద్ధతికి మారును. ప్రాణవాయువు చాలినంత ఉన్నను చక్కెరను సగమే విరిచి, బస్తాలకొలది మ్రింగును. ఇది దుబారాగా తోచును. కాని ఆ సమయమున దానికి కావలసినది మంట మాత్రమే కాదు. ఒక కణము కొలది దినములలో వేలకొలది కణములుగా పెరుగవలెను. క్రొత్త గోడలు, క్రొత్త జన్యుపదార్థము, క్రొత్త మాంసకృత్తులు కట్టుకొనవలెను. అందులకు చక్కెరయే ముడిసరుకు. విద్యుత్కేంద్రము కొంతకాలము ఎరువుల కర్మాగారముగా మారినదన్నమాట. పుట్టకురుపుల కణములలో ఇట్టి దుబారాను ఓటో వార్‌బర్గ్ అను జర్మనుడు 1920వ దశకములోనే చూచియుండెను.

నియామక కణములు తయారగునప్పుడు ఈ దుబారాపై అంతగా ఆధారపడవు. అందుచేత శాస్త్రజ్ఞులకొక ఆలోచన తట్టినది. చక్కెరను విరుచు ఎంజైమును అడ్డగించినచో పోరాడవలసిన కణము పెద్దమనిషిగా మారునా? 2011లో ఎలుకల కణములపై ఈ పరీక్ష చేసిరి. చక్కెరను పోలియుండియు విరుగని నకిలీ చక్కెర నొకదానిని ఇచ్చి మొదటి మెట్టులోనే పని ఆపగా, వాపు పుట్టించు టి-హెచ్-17 అను తరగతి కణములు తగ్గి, నియామక కణములు పెరిగెను. 2014లో క్రొవ్వును కట్టు ఎంజైము నొకదానిని అడ్డగించినప్పుడును ఇట్లే జరిగెను. ఒకే మూలకణము, ఒకే శిక్షణ. ఒక ఎంజైము పని చేసినచో ఒక దారి, చేయనిచో మరియొక దారి.

ఇంతకన్న చిత్రమైనది 2013లో బయటపడినది. చక్కెరను విరుచు వరుసలో జి.ఎ.పి.డి.హెచ్. అను ఎంజైము కలదు. దానికి చేతినిండ పని ఉన్నంతకాలము తన పని తాను చేసికొనును. చక్కెర తగ్గి పని లేకపోయినప్పుడు, పోరాటమునకు ముఖ్యమైన ఇంటర్‌ఫెరాన్-గామా అను పదార్థమును తయారుచేయు ఉత్తరువు కాగితముమీద ఎక్కి కూర్చుండును! ఉత్తరువు అమలు కాదు. తిండిలేని వేళ యుద్ధము వలదని కణమున కెవరో బుద్ధి చెప్పినట్లున్నది.

అయితే ఈ శాస్త్రమున తొందరపాటు మాటలును లేకపోలేదు. నియామక కణములు క్రొవ్వును కాల్చియే బ్రతుకునని, ఒక మందుతో చేసిన పరీక్షలనుబట్టి కొన్నాళ్లు గట్టిగా చెప్పిరి. 2018లో ఆ మార్గమునకు ముఖ్యమైన ఎంజైము జన్యువునే ఎలుకలలో తీసివేసి చూడగా, నియామక కణములు యథాప్రకారము తయారైనవి. మందు మోతాదు ఎక్కువై వేరు చోట్లకూడ తగిలినందున వచ్చిన భ్రమ అది. తప్పును దిద్దినవారు కూడ ఆ శాస్త్రజ్ఞులే యగుట గమనింపదగినది.

మనుష్యులలో దీనికి నిదర్శనము లేదా అని అడుగవచ్చును. కలదు. అడినొసిన్ డీఅమినేజ్ అను ఎంజైము పుట్టుకతో లేని పసిపిల్లలు అక్కడక్కడ పుట్టుచుందురు. ఆ ఎంజైము చేయు పని జన్యుపదార్థపు వ్యర్థములను శుభ్రపరచుట మాత్రమే. కాని అది లేనిచో విషతుల్యమైన పదార్థములు పేరుకొని కావలికణములు ఎదుగకముందే చచ్చును. బిడ్డకు సామాన్యమైన జలుబు కూడ ప్రాణాంతక మగును. ఈ సంబంధమును 1972లో గుర్తించిరి. అమెరికాలో 1990లో నాలుగేండ్ల బాలిక కణములలో ఆ జన్యువును ప్రవేశపెట్టి చికిత్స చేసిరి; జన్యుచికిత్సకు అధికారిక ఆమోదముతో అదే ఆరంభము.

తల్లి కడుపులోని బిడ్డ సంగతి యింకను ఆశ్చర్యకరము. బిడ్డలో సగము తండ్రి సొత్తు. తండ్రి చర్మమును తల్లికి అతికించినచో ఆమె దేహము కొద్ది దినములలో త్రోసివేయును. మరి తొమ్మిది మాసములు బిడ్డను ఎట్లు భరించును? దీనికి అనేక కారణములున్నవి. వానిలో ఒకదానిని 1998లో మన్, మెల్లార్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మాయలోని కణములు ట్రిప్టోఫాన్ అను ఆహారపదార్థమును ఐ.డి.ఓ. అను ఎంజైముతో అక్కడికక్కడనే నశింపజేయును. అది లేక టి-కణములు పెరుగజాలవు. ఆ ఎంజైమును అడ్డగించు పదార్థమును గర్భవతులైన ఎలుకలకు ఇయ్యగా, పరజాతి తండ్రివలన కలిగిన పిండములు నిలువలేదు. స్వజాతి పిండములు నిలిచెను. శత్రువును చంపుట కాదు, ఆ వీథిలో బియ్యపుకొట్టు మూయుట!

పప్పు, బియ్యము, పాలు పరపదార్థములే. వానిపై యుద్ధము జరుగకుండుటకు ప్రేవులలోని కణములు కారకములు. ఆకుకూరలనుండియు పాలనుండియు వచ్చు ఎ-విటమినును అవి ఒక ఎంజైముతో రెటినోయిక్ ఆమ్లముగా మార్చి, నియామక కణముల ఉత్పత్తికి తోడ్పడును. ఇందులకై ఎవరును విటమిను బిళ్లలు కొనుక్కొని మ్రింగనక్కరలేదు. ఎక్కువైనచో ఎ-విటమిను విషమే.

ఇప్పుడు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమునను మదరాసునను చదివిరి. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. ఆయనను కూడ పీడించినది. మదరాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చినది. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలత చేతిలో నుండుటచేత, కండలలో శక్తినిల్వయగు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను గుర్తింపగలిగిరి. ఎ.టి.పి.ని అదే కాలమున జర్మనీలో లోమాన్ కూడ విడిగా కనుగొనెను. బాయిలో టబ్బు నింపు ఫిల్లరు భుజమునను, పైన చెప్పిన టి-కణమునను చెల్లుచున్న నాణెము ఇదియే.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ఔషధసంస్థకు మారి పరిశోధనలకు నాయకులైరి. బొంబాయి గర్భిణీస్త్రీలలో రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టులోని ఏదో పదార్థము ఆ జబ్బును కుదుర్చునని అంతకు పది పండ్రెండేండ్లకు ముందే చూపియుండెను. ఆ పదార్థము ఫోలిక్ ఆమ్లము. లెడర్లీ బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారు చేసెను. సోదరుని చంపిన సంగ్రహణికి ఇది పనికివచ్చు మందు. పిమ్మట ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమునకు నకళ్లు చేసినది. చూచుటకు విటమినువలె నుండును. కణములోని ఎంజైము దానిని పట్టుకొని విడువలేక చిక్కుకొనును. జన్యుపదార్థపు నిర్మాణము ఆగిపోవును. అమినోప్టెరిన్ అను అట్టి నకలుతో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు పుట్టకురుపు గల పిల్లలకు తాత్కాలికమైన ఉపశమనము కలిగించి 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కున కన్నుమూసిరి. వయస్సు 53.

అదే హార్వర్డులో ఫిస్క్ ప్రయోగశాలలో పనిచేసిన జార్జి హిచింగ్స్, తరువాత గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి మరియొక నకలును, మెర్కాప్టోప్యూరిన్ అనుదానిని చేసెను. దానిని ఇచ్చిన కుందేళ్లు పరమాంసకృత్తును శత్రువుగా చూడక సహించెనని 1959లో ష్వార్ట్స్, డామషెక్ అనువారు ప్రకటించిరి. ఎంజైమునకు అడ్డుపడి సహనము పుట్టింపవచ్చునన్నమాట! ఆ మందునకు సోదరియగు అజథయోప్రిన్‌తోనే మూత్రపిండముల మార్పిడి సాధ్యపడినది. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ వచ్చినది. సుబ్బారావుగారికి రాలేదు. ఆ లోటును తలచి వగచుటకంటె ఆయన మందు నేడు ఎచ్చట నున్నదో చూచుట మేలు.

అది మెథోట్రెక్సేట్, అమినోప్టెరిన్‌కు తమ్ముడు. కీళ్లవాతమునకు ఈ జాతి మందు పనికివచ్చునని 1951లోనే ఒక సూచన వచ్చినను, చాలకాలమెవరును పట్టించుకొనలేదు. 1980వ దశకములో జాగ్రత్తగా పరీక్షలు జరిగి, 1988లో అమెరికా ప్రభుత్వ మామోదించెను. నేడు లోకమంతటను కీళ్లవాతమునకు మొదట వ్రాయు మందు ఇదియే. కొద్ది మోతాదున ఇది కణములను చంపి కాక, మరియొక ఎంజైమును అడ్డగించి అడినొసిన్ అను శాంతిదూతను వెలువరింపజేయుటవలన పనిచేయుచున్నదని పెక్కుమంది శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

గనుల ప్రాంతమున ఈ మాట చెప్పుటకు కారణమున్నది. 1953లో కాప్లన్ అను వైద్యుడు వేల్సుదేశపు బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూచుచు, కీళ్లవాతము గలవారి ఊపిరితిత్తులలో గుండ్రని మచ్చలు ప్రత్యేకముగా నుండుట గుర్తించెను. రాతిపొడిలోని సిలికా పీల్చినవారికి కీళ్లవాతము, చర్మము గట్టిపడు స్క్లెరోడెర్మా మొదలగునవి హెచ్చుగా వచ్చునని తరువాత పెక్కు దేశములలో తేలినది. ఊపిరితిత్తులలోని భక్షకకణము ధూళిని మ్రింగును. సిలికా రవ్వ అరుగదు; కణము లోపలినుండి చినిగి చచ్చును; రవ్వను మరియొకటి మ్రింగును. ఈ కణములు పోరాటమునకు దిగినప్పుడు చక్కెరను దుబారాగా విరుచును. అర్జినైన్ అను ఒకే పదార్థమును ఒక ఎంజైము విషవాయువుగా మార్చి సూక్ష్మజీవిని చంపును. మరియొక ఎంజైము గాయమును పూడ్చు నారపోగులకు ముడిసరుకుగా మార్చును. పూడ్చుట ఆగకపోయినచో ఊపిరితిత్తి గట్టిపడును. బొగ్గు కంటె రాతిని తొలుచునప్పుడు సిలికా ఎక్కువ. నీటితో తడిపి తొలుచుట, ముఖమునకు తగిన తొడుగు, నియమిత కాలములో ఎక్స్‌రే పరీక్ష — ఇవి ఎంజైములకన్న ముందు చూచుకొనవలసినవి. ప్రతి గనికార్మికునకు ఈ వ్యాధులు వచ్చునని దీని అర్థము కాదు. ఉదయము లేవగనే రెండు చేతుల వ్రేళ్లు గంటసేపు బిగిసియుండి, వాపుతో వారములు గడచినచో, అది వయస్సువలన వచ్చిన నొప్పియని సరిపెట్టుకొనరాదు. సంతలో దొరకు పేరులేని పొడులను నమ్మరాదు. కీలు ఒకసారి తినివేయబడిన పిమ్మట మందు దానిని మరల కట్టలేదు.

ఈ మందు విషయమున ఒక ప్రమాదము కలదు. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్క దినము మాత్రమే పుచ్చుకొనవలెను. చీటి చదువలేకయో, ఇతర మాత్రలతో కలిసిపోయియో, ప్రతిదినము మ్రింగినవారు ప్రాణములు కోల్పోయిన ఉదంతములు అనేక దేశములలో నమోదైనవి. మూలుగలో రక్తకణములు పుట్టుట ఆగిపోవును. నోట పుండ్లు, జ్వరము మొదటి గుర్తులు. గర్భిణీస్త్రీ దీనిని ముట్టరాదు. మద్యము దీనితో చేరినచో కాలేయము చెడును. వైద్యుడు చెప్పిన గడువున రక్తపరీక్ష చేయించవలెను. ఇంటిలో వృద్ధులుండి ఈ మాత్ర వాడుచున్నచో, ఏ వారమున మ్రింగవలెనో ఆ వారము పేరు తెలుగున పెద్ద అక్షరములతో డబ్బామీద వ్రాసియుంచుట మంచిది. ఈ గ్రంథాలయమున పత్రిక చదువ వచ్చు యువకులకు అది రెండు నిమిషముల పని.

వైద్యులు సాధారణముగా ఈ మాత్ర మ్రింగిన దినమున కాక వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడ ఇత్తురు. మందువలని బాధలు దానిచే తగ్గును. ఒక దినమున నకలు, మరియొక దినమున అసలు. రెండును సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చినవే.